కొత్తగా వెబ్ కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్ల ప్రాజెక్ట్‌కి ఫీడ్‌బ్యాక్ ఎలా ఇవ్వాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ మొదలుపెట్టిన కొన్నాళ్లకు ఎవరైనా ఒక చిన్న పేజీ తయారు చేస్తారు. లింక్ పంపి "అన్నా, ఒకసారి చూసి చెప్పవా" అని అడుగుతారు. ఆ ఒక్క మాట అడగడానికి చాలామంది ఎంతో టెన్షన్ పడతారు. మనం చెప్పే నాలుగు మాటల్ని బట్టే వాళ్లు ఆ రాత్రి మళ్లీ ఎడిటర్ తెరవడమో, "ఇది నా వల్ల కాదులే" అని లాప్‌టాప్ మూసేయడమో జరుగుతుంది. తప్పులన్నీ ఏరి చూపించడం కన్నా, తప్పుని తమంతట తాము పట్టుకోవడం నేర్పించడమే మంచి ఫీడ్‌బ్యాక్ అని నా నమ్మకం. కింద ఉన్న జవాబులన్నీ ఆ నమ్మకంతో రాసినవే. ఉదాహరణలు తేలిగ్గా అర్థం కావాలని చాలాచోట్ల ఒకే ప్రాజెక్ట్ తీసుకున్నాను: ఒక టిఫిన్ సెంటర్ మెనూ పేజీ. పైన బ్యానర్, కింద ఇడ్లీ, దోశ, పూరీ ఫొటోలు, ధరలు, చివర్లో బిల్లు లెక్క. అంతే.

లింక్ రాగానే ముందు ఏం చూడాలి? కోడా, పేజీనా?

పేజీ చూడండి. అదీ ముందు ఫోన్లో. కోడ్ జోలికి అప్పుడే వెళ్లొద్దు. ఆకలేసి వచ్చిన కస్టమర్‌లా ఒక ఇడ్లీ, ఒక దోశ ఆర్డర్ చేయడానికి ప్రయత్నించండి. ఎక్కడ ఆగారు, ఎక్కడ తికమకపడ్డారు, ఏది కనిపించలేదు అన్నది రాసిపెట్టుకోండి. మొదటిసారి చూసినప్పుడు కలిగే ఇబ్బంది రెండోసారి కలగదు. అలవాటైపోతుంది. కాబట్టి ఆ మొదటి చూపు చాలా విలువైనది.

ఫోన్లో తెరవగానే అక్షరాలన్నీ చీమల్లా చిన్నగా కనిపిస్తే, హెచ్‌టీఎంఎల్ హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీని స్క్రీన్ వెడల్పుకి తగ్గట్టు చూపించమని చెప్పే లైన్) లేదని దాదాపు ఖాయం. ఆ లైన్ లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీని సుమారు 980 పిక్సెళ్ల వెడల్పు ఉన్నట్టు ఊహించుకుని, మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. పాపం వాళ్లు మీడియా క్వెరీలన్నీ (స్క్రీన్ వెడల్పుని బట్టి మారే సీఎస్ఎస్ రూల్స్) సరిగ్గానే రాసి ఉంటారు. ఎందుకు పనిచేయడం లేదో తెలియక తల పట్టుకుంటారు.

తర్వాత లాప్‌టాప్‌లో తెరిచి, బ్రౌజర్ కిటికీని పక్కకి లాగి సన్నగా చేయండి. 320 పిక్సెళ్ల వరకు తగ్గించినా పేజీ అడ్డంగా జరగకూడదు. మౌస్ వదిలేసి ట్యాబ్ కీతో ఒకసారి పేజీ మొత్తం తిరగండి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో ఉండే కన్సోల్‌లో ఎర్ర లైన్లు (ఎర్రర్లు) ఉన్నాయేమో చూడండి. ఇవన్నీ అయ్యాకే కోడ్.

ఎన్ని తప్పులు చెప్పాలి?

మూడు. మహా అయితే నాలుగు.

మీకు ఇరవై కనిపించి ఉండొచ్చు. ఇరవై చెబితే వాళ్లు ఒక్కటీ సరిచేయరు, లేదంటే అన్నిటికన్నా తేలికైన రెండు చేసి ఆగిపోతారు. ముందు అసలు పనిచేయనిది చెప్పండి (బిల్లు తప్పు వస్తోంది). తర్వాత వాడేవాళ్లకు అడ్డం పడేది (ఫోన్లో ఆర్డర్ బటన్ స్క్రీన్ బయటికి పోయింది). ఆ తర్వాత ముందుముందు పనికొచ్చే అలవాటు ఒకటి (క్లాస్ పేర్లు బాక్స్1, బాక్స్2 అని కాకుండా అర్థమయ్యేలా పెట్టడం). మిగతావి మీ దగ్గరే రాసి ఉంచుకోండి. ఇవి సరిచేసి మళ్లీ లింక్ పంపినప్పుడు వాటి సంగతి చూడొచ్చు.

మెచ్చుకోవడం తప్పనిసరా? లేనిపోనివి చెప్పలేను.

లేనివి చెప్పొద్దు. "సూపర్ బ్రో, కుమ్మేశావ్" అంటే ఆ పూటకి ఆనందమే, కానీ అందులోంచి నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. బాగున్నది ఏదో, ఎందుకు బాగుందో చెప్పండి. "ఫొటోలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి, ఆబ్జెక్ట్ ఫిట్ వాడావు కాబట్టి సాగిపోలేదు" అంటే, తెలియకుండా చేసిన మంచి పని కూడా తెలిసి చేయడం మొదలవుతుంది. ఎంత కొత్తవాళ్ల ప్రాజెక్ట్‌లోనైనా ఇలాంటిది ఒకటి వెతికితే దొరుకుతుంది. వెతకడానికి ఒక నిమిషం పెట్టండి.

ఒక మంచి ఫీడ్‌బ్యాక్ మెసేజ్ ఎలా ఉంటుందో చూపించగలరా?

టిఫిన్ సెంటర్ పేజీలో ఇడ్లీ 40, దోశ 60. రెండూ ఎంచుకుంటే మొత్తం 4060 అని వచ్చింది. నేర్చుకునేవాళ్ల ప్రాజెక్టుల్లో ఇది తరచుగా కనిపించే తప్పే. చాలామంది పంపే జవాబు ఇలా ఉంటుంది: "టైప్ కన్వర్షన్ చేయలేదు. బేసిక్స్ రావు నీకు. ముందు బేసిక్స్ చూసుకో." ఇందులో మొదటి ముక్క నిజమే. మిగతా రెండు ముక్కలు వచ్చేసరికి ఆ మొదటిది కూడా చెవికెక్కదు.

నేనైతే ఇలా రాస్తాను:

"పేజీ ఫోన్లో చూశాను. టిఫిన్లు వేరుగా, కాఫీ, టీలు వేరుగా పెట్టావు కదా, కావాల్సింది వెంటనే దొరికింది. అది అలాగే ఉంచు. బిల్లు దగ్గర ఒక తేడా ఉంది. ఒక ఇడ్లీ, ఒక దోశ వేస్తే 100 రావాలి, 4060 వస్తోంది. రెండు ధరల్నీ కూడే లైన్‌కి పైన కన్సోల్ లాగ్ పెట్టి, వాటి టైప్‌ఆఫ్ ఏమొస్తోందో చూడు. నంబర్ అని వస్తోందా, స్ట్రింగ్ అని వస్తోందా? చూశాక నాకు చెప్పు, అక్కడి నుంచి మాట్లాడుకుందాం."

జవాబు ఇందులో లేదు, కానీ జవాబు దొరికే చోటు ఉంది. ఇన్‌పుట్ బాక్స్ వాల్యూ గానీ, పేజీలోంచి తీసుకున్న టెక్స్ట్ కంటెంట్ గానీ జావాస్క్రిప్ట్‌కి స్ట్రింగ్‌గానే (అంకెలా కాదు, అక్షరాల వరసలా) అందుతాయి. ప్లస్ గుర్తు రెండు స్ట్రింగుల్ని అతికించేస్తుంది. గుణకారం గుర్తు మాత్రం వాటిని అంకెలుగా మార్చుకుని లెక్క కడుతుంది. అందుకే రెండు ప్లేట్ల ఇడ్లీ అంటే 80 సరిగ్గానే వచ్చి, ఇడ్లీ ప్లస్ దోశ అంటే 4060 అవుతుంది. ఈ తేడా తన కళ్లతో ఒకసారి చూసినవాళ్లు మళ్లీ మర్చిపోరు. "నంబర్ ఫంక్షన్ పెట్టు" (స్ట్రింగ్‌ని అంకెగా మార్చేది అదే) అని మనం చెప్పేస్తే పెడతారు, ఇంకో ప్రాజెక్ట్‌లో మళ్లీ ఇదే తప్పు చేస్తారు.

నేనే సరిచేసి ఫైల్ పంపేస్తే త్వరగా అయిపోతుంది కదా?

మీకు త్వరగా అవుతుంది. వాళ్లకు మాత్రం నేర్చుకునే అవకాశం పోతుంది. పైగా తన కోడ్‌లో సగం వేరేవాళ్ల రాతగా మారితే, దాన్ని తర్వాత ముట్టుకోవడానికే భయపడతారు. వ్యూపోర్ట్ లైన్ లాంటివి మాత్రం నేరుగా ఇచ్చేయండి. అది ఆలోచించి కనుక్కునేది కాదు, తెలియాలి అంతే.

గంటల తరబడి ఒకేచోట ఇరుక్కుపోయి, విసుగొచ్చిన దశలో ఉంటే అప్పుడు కూడా చెప్పేయండి. చెప్పాక, ఆ ముక్కని చెరిపేసి మళ్లీ సొంతంగా రాయమనండి.

రంగులు, అందం గురించి ఏం చెప్పాలి? అది ఎవరి ఇష్టం వాళ్లది కదా?

ఇష్టం వరకు వాళ్లకే వదిలేయండి. పసుపు బ్యానర్ మీకు నచ్చకపోవచ్చు, టిఫిన్ సెంటర్ ఓనర్‌కి అదే నచ్చొచ్చు. కానీ చదవగలమా లేదా అన్నది ఇష్టం కాదు, కొలిచి చెప్పొచ్చు. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకు, వెనకున్న రంగుకు మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలి. పెద్ద అక్షరాలకు 3కి 1 చాలు. తెల్లటి పేజీ మీద #999 బూడిద రంగు అక్షరాలు పెడితే అది 2.85 దగ్గరే ఆగిపోతుంది. #767676 పెడితే 4.54 వస్తుంది, సరిపోతుంది. #777 అయితే 4.48, వెంట్రుకవాసిలో తప్పిపోతుంది!

ధరలన్నీ లేత బూడిద రంగులో రాసి "స్టైలిష్‌గా ఉంది" అనుకునే పేజీలు చాలా చూస్తాం. "బాగా లేదు" అనకండి. "క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ కొట్టి రంగు గడి మీద నొక్కు, కాంట్రాస్ట్ ఎంతో అక్కడే చూపిస్తుంది. మధ్యాహ్నం ఎండలో ఫోన్ పట్టుకుని ధర చదవగలవేమో చూడు" అనండి. వాదన అక్కర్లేకుండా విషయం అర్థమవుతుంది.

పేజీలో తెలుగు ఉంది. ప్రత్యేకంగా ఏమైనా చూడాలా?

చూడాలి. మన కోర్సుల్లో దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ ఆగి వివరంగా చెబుతాను.

బ్యానర్ మీద "లక్ష్మీ టిఫిన్స్" అని ఉందనుకుందాం. క్ష్మీ అనే అక్షరంలో పైన గుడి దీర్ఘం, కింద రెండు ఒత్తులు. ఇంగ్లిష్ అక్షరాల కొలతకి సరిపోయేలా లైన్ హైట్ (లైను ఎత్తు) 1 పెట్టి, ఓవర్‌ఫ్లో హిడెన్ (గడి దాటింది కనిపించకుండా చేసేది) అని రాస్తే కింది ఒత్తు తెగిపోతుంది. రెండు లైన్ల శీర్షిక అయితే పై లైన్ ఒత్తులు వచ్చి కింది లైన్ గుడులకు తగులుతాయి. లైన్ హైట్ 1.6 దగ్గర మొదలుపెట్టి చూసుకోమనండి. లెటర్ స్పేసింగ్ పెంచి ఉంటే తీసేయమనండి. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు అది అందమేమో గానీ, తెలుగు మాట విడివిడి ముక్కలుగా కనిపిస్తుంది.

తర్వాత ఫాంట్. పాపిన్స్ పెట్టి అందులోనే తెలుగు కూడా వస్తుందనుకుంటారు. అందులో తెలుగు అక్షరాలే లేవు. బ్రౌజర్ ఆ ఫోన్లో ఏ తెలుగు ఫాంట్ ఉంటే దాన్ని తెచ్చి వాడుతుంది, కాబట్టి తన లాప్‌టాప్‌లో ఒకలా, మీ ఫోన్లో ఒకలా ఉంటుంది. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, శీర్షికలకు రామభద్ర లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఒకటి ఎంచుకోమనండి. హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో భాష ఇంగ్లిష్ అనే ఉంటే దాన్ని తెలుగుకి మార్చమనండి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకు ఏ గొంతుతో చదివి వినిపించాలో తేలేది దాన్ని బట్టే.

ఇంకొకటి, ఇది చాలామంది గమనించరు. "లక్ష్మీ" మనకు రెండక్షరాలు. జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ అడిగితే 7 అంటుంది. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, ఈకారం గుర్తు, అన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది. మొదటి మూడు చాలని స్లైస్ చేస్తే "లక్" అని మిగులుతుంది. పేరు రాసే ఇన్‌పుట్‌కి మ్యాక్స్‌లెంగ్త్ 10 పెట్టినా ఇదే గొడవ. తెలుగులో పేరు రాసేవాళ్లు సగంలో ఆగిపోతారు. మీ దగ్గరికి వచ్చిన ప్రాజెక్ట్‌లో తెలుగు ఉంటే ఈ నాలుగూ తప్పకుండా సరిచూడండి. మన భాషలో పేజీ చేయాలని తలపెట్టినవాళ్లకు ఆ మాత్రం శ్రద్ధ మనం చూపించాలి.

"నా దగ్గర బాగానే వస్తోందన్నా" అంటున్నారు. నాకు ఫొటోలు రావడం లేదు.

అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే వాళ్ల దగ్గర వస్తోంది. విండోస్‌లో ఫైల్ పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకోదు. పేజీని అందరూ చూసేలా నెట్‌లో పెట్టే గిట్‌హబ్ పేజెస్ పట్టించుకుంటుంది. ఫైల్ పేరు పెద్ద డి తోనూ, కోడ్‌లో చిన్న డి తోనూ ఉంటే దోశ ఫొటో అక్కడ రాదు. ఇమేజ్ పాత్ సీ డ్రైవ్ నుంచి మొదలైందేమో కూడా చూడండి. అలా ఉంటే ఆ ఫొటో ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంటుంది. పాత్ ముందు స్లాష్ ఉన్నా గిట్‌హబ్ పేజెస్‌లో ఇబ్బందే. రిపో (గిట్‌హబ్‌లో ప్రాజెక్ట్ ఫైళ్లుండే చోటు) ఫోల్డర్‌లో కాకుండా డొమైన్ మొదట్లో వెతుకుతుంది.

డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి 404 (ఫైల్ దొరకలేదన్న జవాబు) ఎక్కడ వస్తోందో చూడటం నేర్పండి. ఈ ఒక్కటి వస్తే ఇలాంటి ప్రశ్నల్లో చాలావాటికి వాళ్లే జవాబు వెతుక్కుంటారు.

అక్కడే ఫొటోల సైజు కూడా కనిపిస్తుంది. ఫోన్ కెమెరాతో తీసిన 4 ఎంబీ ఫొటోని 300 పిక్సెళ్ల గడిలో పెట్టి ఉంటారు. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఆ మెనూ తెరుచుకునేసరికి టిఫిన్ టైం దాటిపోతుంది.

బటన్ నొక్కితే పనిచేస్తోంది. డివ్‌తో (ఉత్త పెట్టె లాంటి ట్యాగ్) చేశారు. అది చెప్పాల్సిన విషయమేనా?

మౌస్‌తో నొక్కితే పనిచేస్తోంది. ట్యాబ్ కీతో దాని దగ్గరికి వెళ్లి ఎంటర్ కొట్టి చూడమనండి. అసలు అక్కడికి వెళ్లదు. అసలైన బటన్ ట్యాగ్ వాడితే ట్యాబ్‌తో చేరడం, ఎంటర్, స్పేస్ కీలు పనిచేయడం, స్క్రీన్ రీడర్ "బటన్" అని చెప్పడం, అన్నీ ఉచితంగా వస్తాయి. "సెమాంటిక్ హెచ్‌టీఎంఎల్ వాడాలి" అని రూల్‌లా చెబితే బుర్రకెక్కదు. చూపు లేనివాళ్లు, చెయ్యి వణికేవాళ్లు, మౌస్ పాడైపోయినవాళ్లు కూడా ఇడ్లీ ఆర్డర్ చేయాలి కదా అని చెప్పండి. అలాగే "నీలం గీత బాగా లేదు" అని అవుట్‌లైన్ తీసేసి ఉంటే, బదులుగా ఇంకేదైనా గుర్తు పెట్టమనండి. కీబోర్డ్‌తో తిరిగేవాళ్లకు తాము ఎక్కడున్నారో చెప్పేది ఆ గీతే.

రియాక్ట్, టైల్‌విండ్ లాంటి రెడీమేడ్ టూల్స్ ఎందుకు వాడలేదు అని అడగొచ్చా?

అడగొద్దు. అది ఫీడ్‌బ్యాక్ కాదు.

వెంటనే, ఏమాత్రం ఆలస్యం చేయకుండా చెప్పాల్సినవి ఉన్నాయా?

రెండు ఉన్నాయి. వాతావరణం చూపించే యాప్ చేసి, ఏపీఐ కీని (సమాచారం ఇచ్చే సైట్ మన పేరు మీద ఇచ్చే రహస్య కోడ్) జావాస్క్రిప్ట్ ఫైల్‌లోనే రాసి గిట్‌హబ్‌లో పెట్టేస్తారు. ఆ లైన్ చెరిపేసి మళ్లీ కమిట్ చేసినా పాత కమిట్‌లలో (గిట్ దాచి ఉంచే పాత వెర్షన్లలో) కీ అలాగే ఉంటుంది. ముందు ఆ కీని ఇచ్చిన సైట్‌లోకి వెళ్లి రద్దు చేయించండి, మిగతా సలహాలన్నీ ఆ తర్వాతే. ఇది గ్రూప్‌లో చెప్పకండి, విడిగా ఫోన్ చేసి చెప్పండి. గ్రూప్‌లో చెబితే కీ ఎక్కడుందో అందరికీ చూపించినట్టవుతుంది.

రెండోది, వాడేవాళ్లు టైప్ చేసినదాన్ని ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌తో నేరుగా పేజీలో పెట్టడం. రివ్యూ బాక్స్‌లో బోల్డ్ ట్యాగ్ పెట్టి ఏదైనా రాయమనండి. అక్షరాలు మందంగా కనిపించాయంటే, ఎవరైనా అక్కడ తమ కోడ్ కూడా నడిపించొచ్చని అర్థం. దాని బదులు, రాసినదాన్ని ఉత్త అక్షరాలుగానే చూపించే టెక్స్ట్ కంటెంట్ వాడితే ఆ దారి మూసుకుంటుంది.

కోడ్ మొత్తం ఏఐతో రాయించినట్టు అనిపిస్తోంది. ఏం చేయాలి?

నిలదీయకండి. రాయించారా లేదా అన్నది తేలినా తేలకపోయినా, నేర్చుకున్నారా లేదా అన్నదే మనకు కావాల్సింది. అది తెలుసుకోవడానికి ఒక చిన్న మార్పు అడగండి. "పార్సిల్ అయితే ఐటెమ్‌కి 5 రూపాయలు ఎక్కువ వేయాలి. ఇప్పుడు నా ముందే చేయగలవా?" అంటే చాలు. కోడ్‌లో ఎక్కడికి వెళ్లాలో తెలిసి వెళ్తే, ఎవరు రాసినా అది వాళ్ల కోడే. బిక్కమొహం వేస్తే బిల్లు కట్టే ఫంక్షన్ ఒక్కటి తీసుకుని, ప్రతి లైన్ పైన అది ఏం చేస్తుందో తెలుగులో కామెంట్ రాయమనండి. తెలియని లైన్ దగ్గర ఆగమనండి. అక్కడి నుంచి మీరు మొదలుపెట్టొచ్చు.

కోర్సు వీడియో చూసి మక్కీకి మక్కీ దించిన ప్రాజెక్ట్‌కి కూడా ఇదే పద్ధతి. దించడంలో తప్పు లేదు, నేర్చుకోవడం అలాగే మొదలవుతుంది. వీడియోలో లేనిది ఒకటి చేర్చమనండి.

ఫీడ్‌బ్యాక్ తెలుగులో ఇవ్వాలా, ఇంగ్లిష్‌లోనా? వాయిస్ మెసేజ్ సరిపోతుందా?

వివరణ తెలుగులో ఇవ్వండి. ఇంగ్లిష్‌లో చెబితే తల ఊపి, అర్థం కాలేదని అడగడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది. ఎర్రర్ మెసేజ్, ప్రాపర్టీ పేర్లు మాత్రం కోడ్‌లో ఎలా ఉన్నాయో అలాగే రాయండి, రేపు వాళ్లు వెతుక్కోవాల్సింది ఆ మాటలతోనే. వాయిస్ మెసేజ్ ఆప్యాయంగా ఉంటుంది గానీ, నాలుగో నిమిషంలో చెప్పిన లైన్ నంబర్ కోసం మళ్లీ మొదటి నుంచి వినాలి. మాట వాయిస్‌లో చెప్పినా, చేయాల్సిన మూడు పనులూ టైప్ చేసి పంపండి.

ఉద్యోగానికి పంపే పోర్ట్‌ఫోలియో అయితే ఇంకా కటువుగా చెప్పాలా?

కటువుగా కాదు, ఇంకా పట్టి చూడాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఎక్కువ టైం ఉండదు. ప్రతి లింక్ నొక్కండి, కాంటాక్ట్ ఫారం నింపి పంపండి, రెజ్యూమె డౌన్‌లోడ్ అవుతుందేమో చూడండి. టెంప్లేట్‌లోంచి వచ్చిన లాటిన్ డమ్మీ పేరా ఎక్కడైనా మిగిలిపోయిందేమో వెతకండి. "జావాస్క్రిప్ట్ 80 శాతం" అనే గీతలుంటే తీసేయమనండి. దేనిలో 80 శాతమో ఎవరూ చెప్పలేరు, ఇంటర్వ్యూలో ఆ మిగతా 20 గురించే అడుగుతారు. వాటి బదులు టిఫిన్ సెంటర్ పేజీ పెట్టి, దాన్ని చేసేటప్పుడు ఏ సమస్య వచ్చిందో, ఎలా దాటారో నాలుగు వాక్యాలు రాయమనండి. అమీర్‌పేటలో ఒకే బ్యాచ్‌లో చదివిన ముప్పై మంది దగ్గరా అవే మూడు ప్రాజెక్టులు ఉంటాయి. ఆ నాలుగు వాక్యాలు మాత్రం ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి.

నాకే కోడింగ్ అంతంత మాత్రం. నేను ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చా?

తప్పకుండా. "ధర ఎక్కడుందో నాకు కనిపించలేదు" అని చెప్పడానికి కోడింగ్ అక్కర్లేదు. నిజం చెప్పాలంటే, అమ్మతోనో బాబాయితోనో పేజీ వాడించి, పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడమని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. అంత మంచి పరీక్ష సీనియర్ల దగ్గర కూడా దొరకదు. తెలియని విషయం మీద మాత్రం తీర్పు చెప్పకండి.

చెప్పింది విని బాధపడ్డారు, లేదా వాదించారు. ఇప్పుడెలా?

ఒక రోజు ఆగండి. రాత్రుళ్లు కూర్చుని చేసిన పనిలో తప్పులు చూపిస్తే ఎవరికైనా గుచ్చుకుంటుంది. పెళ్లి, పిల్లల తర్వాత మళ్లీ మొదలుపెట్టినవాళ్లకి, వేరే బ్రాంచ్‌లో చదివి ఇటు వచ్చినవాళ్లకి "నేను పనికొస్తానా" అన్న భయం ముందే ఉంటుంది. మీరు బిల్లు గురించి మాట్లాడితే వాళ్లకు తమ గురించి మాట్లాడినట్టు వినిపిస్తుంది. మర్నాడు మీరే పలకరించి, మూడింటిలో ఒకటి కలిసి చేద్దామా అని అడగండి. వాదించినవాళ్ల మాటలో నిజం ఉంటే ఒప్పుకోండి. వాళ్ల ప్రాజెక్ట్ అది, చివరి నిర్ణయం వాళ్లదే.

అడిగేవాళ్లు ఏమేం పంపితే మంచిది?

తెరవగానే పనిచేసే లింక్, కోడ్ ఉన్న రిపో లింక్, ఏ ఫోన్, ఏ బ్రౌజర్‌లో చూశారు, ఏ ఒక్క విషయం గురించి ముఖ్యంగా అడుగుతున్నారు. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపొద్దు, అందులోంచి కోడ్ కాపీ చేసి నడిపి చూడలేం. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే జవాబే వస్తుంది. "ఫోన్లో బిల్లు దగ్గరికి చేరడానికి ఇబ్బంది పడ్డారా?" అని అడిగితే చూసేవాళ్లకి కూడా ఎక్కడ చూడాలో తెలుస్తుంది.